గోడకు వీపు పెట్టి తీసిన ఫొటో

కొత్తగా వేసిన సున్నం వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. మొన్న కాలువ ఒడ్డునున్న ఒక బడికి గ్రూపు ఫొటో తీయడానికి వెళ్లాను. వార్షికోత్సవం వస్తోందని గోడలకు ముందురోజే వెల్ల వేయించారు. తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. నీలిమందు కాస్త ఎక్కువై గోడంతా ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. పిల్లల్ని పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక అని గోడ పక్కనే నిలబెట్టి, హెడ్మాస్టరమ్మ “కానివ్వండమ్మా, ఎండెక్కిపోతోంది” అని తొందరపెడుతున్నారు. నేను కెమెరా సంచీ కూడా విప్పలేదు. “పిల్లల్ని కాసేపు అటు చెట్టు కిందికి పంపండి మేడం. నేను ముందు గోడ చూడాలి” అన్నాను. ఆవిడ నన్నొక చూపు చూశారు. ఫొటో తీయమని పిలిస్తే గోడ చూస్తానంటుందేమిటి ఈవిడ అన్న చూపు అది. ఒకప్పుడు అలాంటి చూపులు రూతు మేడం మీద పడుతుంటే నేను పక్కనుండి చూశాను.

రూతు మేడం మీకు తెలియదు. ఒంగోలు బస్టాండు వెనక సందులో, టైర్ల కొట్టు పైన ఆవిడ స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, ప్రధానాలు, ఓణీల ఫంక్షన్లు, చావులు అన్నీ తీసేవారు. బతుకు వాటితో గడిచేది కానీ మనసంతా కట్టడాల మీద ఉండేది. అందులోనూ నీటి ఒడ్డు కట్టడాలంటే పిచ్చి. గుండ్లకమ్మ ఏటి వెంబడి ఉన్న పాత బంగళాలు, మంటపాలు, చర్చిలు, దర్గాలు, ఏదీ వదల్లేదు. ఆదివారం ప్రార్థన అవగానే స్కూటరేసుకుని బయల్దేరేవారు. పొట్టి మనిషి. గంజి పెట్టిన చీరాల నేత చీర, దాని కింద మగవాళ్ల బూట్లు. నోరు మాత్రం మనిషికన్నా పెద్దది. ఎవరైనా “నవ్వమంటారా మేడం?” అని అడిగితే “నవ్వొస్తే నవ్వండి, రాకపోతే ఊరుకోండి, నాదేం పోయింది” అనేవారు. అయినా జనం ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

నాది పర్చూరు దగ్గర పల్లెటూరు. మావాళ్లు మిర్చీ, పత్తీ వేస్తారు. డిగ్రీ అయ్యాక ఆల్బమ్ డిజైనింగు నేర్చుకుని ఆవిడ దగ్గర చేరాను. మొహాల మీద మచ్చలు తీసేయడం, చామనచాయ వాళ్లను తెల్లగా చేయడం, పెళ్లికి రాని మేనమామను వచ్చినట్టు అతికించడం నాకొచ్చిన విద్య. మేడంకి గిట్టని విద్య కూడా అదే. కానీ జనం అడుగుతారు, చేయక తప్పదు. చేసేటప్పుడు నా వెనకాల నిలబడి “పద్మా, ఆ పిల్లని వాళ్లమ్మ కూడా గుర్తుపట్టలేదు ఇక” అని గొణుగుతుండేవారు.

చేరిన కొత్తలో ఒక ఆదివారం నన్ను ఏటి ఒడ్డునున్న పాత బంగళా దగ్గరికి తీసుకెళ్లి కెమెరా చేతికిచ్చారు. మిట్టమధ్యాహ్నం. నేను గబగబా బంగళాకు ఎదురుగా వెళ్లి, మొత్తం పట్టేలా తీసి, గర్వంగా చూపించాను. ఆవిడ చీర కొంగు నీడ పట్టుకుని తెర మీద చూశారు.

“బంగళా బంగళాలాగే ఉంది. ఏరేదీ?”

“వెనక ఉంది మేడం.”

“వెనకున్నదాన్ని వెనకే వదిలేస్తే, ఇంత దూరం రావడమెందుకు? ఒంగోల్లో లేవా బిల్డింగులు?” కెమెరా నా చేతుల్లోంచి తీసేసుకున్నారు. “పో, చేతులూపుకుంటూ చుట్టూ తిరిగి రా. కెమెరా ఉంటే నీకు కళ్లు పనిచేయవు.”

నాకు ఒళ్లు మండింది. అయినా తిరిగాను. ముళ్లకంపల్లోంచి, మేకల మధ్యలోంచి, బురద అంచున చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగాను. మూల దగ్గర నిలబడితే బంగళా రెండు వైపులూ కనిపిస్తాయనీ, నీటికి దగ్గరగా కూర్చుంటే నీళ్లలో దాని నీడ కూడా తల తెగకుండా మొత్తం పడుతుందనీ, ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తిరిగొచ్చి తీస్తానంటే ఒప్పుకోలేదు. ఎండ పక్కకు వాలేదాకా బంగళా మెట్ల మీదే కూర్చోబెట్టారు. “ఎండేమన్నా నీ పనిమనిషా, పిలవగానే రావడానికి? ఎదురెండలో గోడ కాగితం. పక్కెండ పడితేనే అది గోడ. రాయి రాయిగా, అతుకు అతుకుగా బయటికొస్తది” అన్నారు. ఆ మాట ఫొటో బాగా రావడానికి చెప్పారనే అనుకున్నాను. దానితో ఇంకో పని కూడా ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ ఏడు తుపాను వానలు ఆగకుండా కురిశాయి. గుండ్లకమ్మ ఒడ్డు చాలాచోట్ల కోసుకుపోయింది. వానలు వెలిసిన వారంలో ఏటి ఒడ్డునున్న ఒక పల్లె నుంచి పెళ్లి పని వచ్చింది. పెళ్లికూతురు కెజియా నర్సు ఉద్యోగం చేస్తోంది. వాళ్ల నాన్న యేసురత్నం గారు సంఘ పెద్ద. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కట్టే మేస్త్రీగా మొదలుపెట్టి ఊళ్లో మాట చెల్లే స్థితికి వచ్చిన మనిషి. ఆ ఊరి చర్చి రాతి కట్టడం, ఏటికి ఆనుకునే ఉంటుంది. అక్కడివాళ్లు చర్చి అనరు, గుడి అనే అంటారు. ఆ గుడికి రాళ్లు మోసినవాళ్లలో యేసురత్నం గారి తాత ఒకడు. యేసురత్నం గారి పెళ్లి అందులోనే అయింది, ఆయన అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లూ అందులోనే. కూతురి పెళ్లి కూడా అందులోనే జరగాలని ఆయన కోరిక. అందుకని ఊరి కుర్రాళ్ల చేత గుడి మొత్తానికి కొత్తగా సున్నం వేయించారు. గోడల్లో బీటలు కనిపించిన చోటల్లా సిమెంటు కూరి, పైన రెండు పూతలు వేశారు. పెళ్లికి ఇల్లు దిద్దుకున్నట్టే గుడినీ దిద్దుకున్నారు. మా వైపు ఎవరైనా చేసే పనే అది.

పెళ్లికి రెండు రోజుల ముందు పొద్దున్నే జంట ఫొటోలకు వెళ్లాం. బాప్తిస్మాలిచ్చే రేవు మెట్ల దగ్గర, గుడికి తూర్పుగా మేడం చోటు ఎంచుకున్నారు. అక్కణ్ణించి చూస్తే ఎడమ పక్క ఏరు, కుడి పక్క తెల్లటి గుడి, మధ్యలో పిల్లా పిల్లాడూ. సూర్యుడప్పుడే పైకొచ్చాడు. ఫొటోలు బాగా వచ్చాయి. దారిలో మేడం ఎందుకో రెండుసార్లు స్కూటరాపి వెనక్కి చూశారు.

స్టూడియోకొచ్చి కంప్యూటర్లో ఎక్కించాను. ఒక ఫొటోలో గుడి ఎడమ గోడ, అంటే ఏటి వైపు గోడ, కొంచెం వాలి కనిపించింది. కెమెరాను పైకెత్తి తీస్తే కట్టడాలు వాలినట్టు పడటం మామూలే. అలవాటు కొద్దీ దాన్ని మౌసుతో లాగి నిలువు చేశాను.

“వెనక్కి తియ్” అన్నారు మేడం. ఆవిడ నా వెనక ఎప్పుడొచ్చారో తెలియదు.

“లెన్సు వల్ల వాలింది మేడం.”

“లెన్సు వల్లయితే రెండు గోడలూ ఒకదాని వైపు ఒకటి వాలాలి. అవతలి గోడ లోపలికే వాలింది. ఇది బయటికెందుకు వాలింది?”

ఫొటోను పెద్దది చేశాను. పక్కెండలో సున్నం కింద గోడ నడుము దగ్గర కడుపులా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు చుట్టూ సన్నటి నీడలు వేళ్లలా పాకి ఉన్నాయి. కుర్రాళ్లు పూడ్చిన బీటలు అవి. పూత మీద మళ్లీ విచ్చుకుంటున్నాయి. ఎల్లుండి ఆ గోడ పక్కన జనం కిక్కిరిసి కూర్చుంటారు. మేడం అప్పటికే స్కూటరు తాళాలు తీసుకున్నారు.

మేము తిరిగి వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గోడ తెల్లగా, చదునుగా, అమాయకంగా ఉంది. కట్టడం పని తెలిసిన యేసురత్నం గారు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచి చూశారు. ఆయనకేమీ కనిపించలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కనిపించలేదు.

“ఏదమ్మా వంకర? బీటలుంటే మావాళ్లు పూడ్చారుగా.”

మేడం ఫొటో చూపించారు. ఆయన చూసి, నవ్వి, పక్కనున్నవాళ్లకు కూడా చూపించారు. “రూతమ్మ గారూ, మా పెద్దమ్మాయి పెళ్లిలో దాని మొహం మీద మచ్చలన్నీ మాయం చేసింది మీ స్టూడియోనేగా. మచ్చలు తీసే కంప్యూటరుకి బీటలు పెట్టడం రాదా?”

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం నవ్వలేదు. “నేనెందుకు పెడతానండీ? నాకేమొస్తది? పెళ్లి బయట పందిట్లో చేయండి. ప్రార్థన ఎక్కడ చేసినా ప్రార్థనే” అన్నారు.

ఆయన మొహం మారిపోయింది. “మా తాత మోసిన రాళ్లమ్మా ఇవి. వరదలెన్ని చూసిందో ఈ గుడి. పెళ్లి పెట్టుకుని ఇట్టాంటి మాటలు మాట్టాడొచ్చా? రేపు పొద్దున ముందే ఒప్పుకున్న గ్రూపు ఫొటో తీసేసి వెళ్లండి. పెళ్లికి ఇంకెవరినైనా పిలుచుకుంటాం.” అయ్యగారిని, అదే పాస్టరు గారిని, కలిసి చెప్తే ఆయన పాపం “పెద్దలెలాగంటే అలాగేనమ్మా” అన్నారు.

ఇక వదిలేస్తారనుకున్నాను. కానీ స్కూటరు దగ్గర ఆగి, మేడం గట్టిగా వెనక్కి పిలిచి చెప్పారు. “గ్రూపు ఫొటోకి చుట్టాలందరూ ఉండాలండీ, ముసలివాళ్లతో సహా. పొద్దు పొడిచే వేళకి రేవు మెట్ల మీదుండాలి.” తర్వాత నాతో మెల్లగా అన్నారు. “గోడ చూడ్డానికి రమ్మంటే ఒక్కడూ రాడు. గ్రూపు ఫొటో అంటే మంచంలో ఉన్నవాళ్లు కూడా తల దువ్వుకునొస్తారు.”

మర్నాడు నిజంగానే ఊరు ఊరంతా వచ్చింది. పట్టుచీరలు, పూలు, పౌడర్లు. యేసురత్నం గారి తల్లిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. రేవు గట్టిగా కట్టినది, దానికేం భయం లేదు, కానీ ఏరు కింది మెట్లను తాకుతూ పోతోంది. మామూలుగా ఎవరూ జనాన్ని ఏటి వైపు నిలబెట్టరు, గుడి ముందు నిలబెడతారు. మేడం తలకిందులుగా చేశారు. అందర్నీ మెట్ల మీద గుడి వైపు తిప్పి నిలబెట్టి, తను పైకెళ్లి ఆ గోడకు వీపు పెట్టి నిలబడ్డారు. గోడకూ ఆవిడకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు కూడా లేదు.

నేను పరుగెత్తాను. “మేడం, ఇలాగైతే వెనకవాళ్లంతా కింది మెట్ల మీదుంటారు. మొహాలు కనపడవు.”

“కనపడక్కర్లేదు. వాళ్లకి కనపడాలి.”

అప్పుడర్థమైంది నాకు. “మీరు ముందుకు రండి మేడం, గోడ...” అన్నాను. “నేను ముందుకెళితే వాళ్లు గోడ వైపు ఎందుకు చూస్తారు? నువ్వు పో, వాళ్ల పక్కన నిలబడు” అని కసిరారు. ఆవిడ గొంతులో భయం నేను మొదటిసారి విన్నాను.

తీరా తూర్పున మబ్బు కమ్మింది. ఎండ రాలేదు. వెలుతురుంది కానీ నీడ లేని వెలుతురు. గోడ నిన్న మధ్యాహ్నంలాగే చదునుగా ఉంది. జనం కదలడం మొదలుపెట్టారు. పిల్లలు ఏడుస్తున్నారు. “ఎండ లేకపోతే ఫ్లాషు లేదామ్మా మీ దగ్గర?” అని కింద నుంచి ఎవరో అరిచారు. “ఉంది, వేయను” అన్నారు మేడం. యేసురత్నం గారు గడియారం చూసుకుంటున్నారు. “ఇంకెంతసేపమ్మా? వంటవాళ్లొచ్చారు అవతల” అన్నారు. “సూర్యుడొచ్చేదాకా” అన్నారు మేడం. ఆవిడ కళ్లు కెమెరా మీద లేవు, మా అందరి తలల మీదుగా తూర్పు మీద ఉన్నాయి. నేను మాత్రం గోడనే చూస్తున్నాను. దాని మీద నుంచి ఒక సున్నం పెచ్చు రాలి ఆవిడ భుజం మీద పడింది. ఆవిడ దులుపుకోలేదు. దేవుడా, పెళ్లి ఎక్కడైనా చేసుకోనీ, ముందు ఈవిణ్ణి అక్కణ్ణించి కదిలించు అని నా దేవుళ్లకీ వాళ్ల దేవుడికీ కలిపి మొక్కుకున్నాను.

యేసురత్నం గారు విసుక్కుని వరసలోంచి బయటికి రాబోయారు. అప్పుడు మబ్బు కింది అంచు విచ్చుకుంది. ఎండ ఏటి మీదుగా వచ్చి గోడ వెంబడి రాసుకుంటూ పోయింది.

“కెమెరాలోకి చూడొద్దు” అన్నారు మేడం. “నా నెత్తి మీదుగా చూడండి.”

చూశారు. తెల్లటి గోడ కడుపు ముందుకు పొడుచుకొచ్చి, దాని కింద నీడ పడి, బీటలు కొమ్మలు కొమ్మలుగా పైకప్పు దాకా పాకి ఉన్నాయి. ఆ పొట్టి మనిషి సరిగ్గా ఆ కడుపు కింద నిలబడి ఉన్నారు. షట్టరు పడిన చప్పుడు నాకు వినిపించింది. ఒక్కటే తీశారు.

మొదట మాట్లాడింది కెజియా. “నాన్నా, నాయనమ్మ ప్రతి ఆదివారం ఆ గోడకే ఆనుకుని కూచుంటది.”

యేసురత్నం గారు మెట్లెక్కి వెళ్లారు. గోడను తడిమి, ఒక బీట మీది పూతను గోటితో గీకారు. వేలు కణుపు దాకా లోపలికి పోయింది. వేలు బయటికి తీసి దానికంటిన తడి మట్టిని చాలాసేపు చూశారు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత మేడం వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, “మీరు ముందు అక్కణ్ణించి ఇవతలికి రండమ్మా” అన్నారు.

పెళ్లి ఊరవతల మిర్చి కల్లంలో జరిగింది. కాయ ఇంకా కోతకు రాలేదు కాబట్టి కల్లం ఖాళీగా ఉంది. షామియానా వేశారు, గాలికి అది ఎగిరెగిరి పడింది. మైకు పదే పదే పోయింది. కెజియా నవ్వుతూనే ఉంది గానీ గుడి వైపు చూసినప్పుడల్లా కళ్లు తుడుచుకుంది. గుడి గోడ మాత్రం ఆ రోజంతా నిక్షేపంగా నిలబడే ఉంది. భోజనాల దగ్గర ఒకాయన “గోడేమీ పడలేదుగా మేడం గారూ” అని దెప్పాడు. “పడాలని నేనేం ప్రార్థన చేయలేదండీ. నిలబడితే నాకే సంతోషం” అన్నారు మేడం. ఆయన ఆ మాట ఒంగోలు దాకా మోశాడు. మేడం పెళ్లిళ్లు ఆపుతుందని పేరు పడి, ఆ సీజనులో మాకు పని తగ్గింది.

తర్వాతి ముసురులో, ఒక మధ్యాహ్నం పూట, ఆ గోడ కూలి ఏట్లో పడింది. గుడి తలుపులకు పెళ్లి నాటి నుంచీ తాళమే ఉంది కాబట్టి లోపల ఎవరూ లేరు. యేసురత్నం గారు ఫోను చేసి చెప్పారు. “మా అమ్మకు చెప్పానమ్మా. మీకు వందనాలు చెప్పమంది” అన్నారట. మేడం ఫోను పెట్టేసి స్టూలు మీద కూర్చుని ఏడ్చారు. నేను మంచినీళ్లిచ్చాను.

“ఇన్నాళ్లూ నిద్ర లేదు పద్మా” అన్నారు. “నా కళ్లే పొరబడ్డాయేమో, ఉత్తినే ఆ పిల్ల పెళ్లి కల్లం పాలు చేశానేమో అని.” గ్లాసు కింద పెట్టి, “మంచి కట్టడమే, ఎంత బాగుండేది పొద్దుటెండలో” అని మళ్లీ ఏడ్చారు.

మేడం పోయి కొన్నేళ్లవుతోంది. ఇప్పుడు చీరాల్లో నాకు సొంత స్టూడియో ఉంది. ఆవిడ తీసిన ఆ గ్రూపు ఫొటోను ఫ్రేము కట్టించి కౌంటరు వెనక పెట్టుకున్నాను. లెక్క ప్రకారం అంత చెత్త ఫొటో ఇంకోటి ఉండదు. వెనక వరసల్లో కొప్పులూ పూలూ తప్ప మొహాలు లేవు. కనిపించేవాళ్లలో ఒక్కరు కూడా కెమెరాలోకి చూడటం లేదు. అందరి చూపూ కొంచెం పైకి, ఫొటో తీసిన మనిషి నెత్తి మీదుగా ఉంటుంది. యేసురత్నం గారి నోరు సగం తెరుచుకుని ఉంది. “ఇలాంటిది పెట్టుకున్నారేంటండీ, ఇంతకన్నా మంచివి లేవా?” అని జనం అడుగుతుంటారు. ఉన్నాయి, ఇంతకన్నా నాకు కావలసినది లేదు అంటాను. మేడం ఆ ఫొటోలో లేరు. కానీ వాళ్లందరి చూపులు కలిసిన చోటుకు కాస్త కింద నిలబడి ఉన్నారని నాకు తెలుసు.

మొన్న బడి దగ్గర కూడా ఎండ పక్కకొచ్చేదాకా ఆగాను. చేతులూపుకుంటూ చుట్టూ తిరిగొచ్చాను. కాలువ వైపు మూల నుంచి ఒక కన్ను మూసి గోడ వెంబడి చూశాను. సున్నం కుంచె గీతలు తప్ప ఏమీ లేవు. గోడ నిలువుగా ఉంది. “అయిందా మీ పరీక్ష?” అన్నారు హెడ్మాస్టరమ్మ. “అయింది మేడం. మీరు కూడా ఇటొచ్చి ఒకసారి చూడండి” అన్నాను. ఏమనుకున్నారో గానీ వచ్చి, నాలాగే ఒక కన్ను మూసి చూశారు.

తర్వాత నేను వెళ్లి ఆ గోడకు నా వీపు ఆనించి నిలబడ్డాను. చీరకు తడి సున్నం అంటుకుంది. అప్పుడు పిల్లల్ని రమ్మన్నాను.